మూత లేని కార్బొరేటర్

మాది తెనాలి. నిరుడు మా పెద్దాడు తన మెకానిక్ షెడ్డుకు వచ్చిన పాత కారుకు, ఇంజన్‌కు గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బొరేటర్ ఏరి ఏరి పెద్దది తెచ్చి బిగించాడు. అది గాలి పీల్చే నోటికి మూతలా బిగించే ఫిల్టర్ విడిగా కొనాలన్నాడు. "మూతకంత దండగెందుకురా" అని నేనే ఆపాను.

ఇంజన్ నడుస్తుండగా వాడు ట్యూనింగ్ చేస్తుంటే చూద్దామని వంగాను. మెడకు చుట్టుకున్న పమిట చెంగు ఆ నోట్లోకి సర్రున పోయింది. చుట్టు మెడకు బిగుసుకుంది. గుడ్డ అడ్డుపడి, గాలి అందక ఇంజనే ఆగిపోయింది.

"కదలకమ్మా, చెంగు కోసేస్తాను" అన్నాడు వాడు కత్తెర అందుకుంటూ.

"కొత్త చీర్రా, మెల్లగా లాగు" అన్నాను.

ప్రాణం మీదికొచ్చినా నా నోట చీర మాటే వచ్చిందంటే, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పూటే ఫిల్టర్ కొనిపించాను.