తడి కార్పెట్ మీద వట్టికాళ్ల అడుగులు

దెయ్యాల మాట నేను ఎప్పుడూ నమ్మలేదు. ధైర్యం ఎక్కువై కాదు, వాటిని కొలిచే వీలు లేక. ఏ సంగతైనా టేపు పెట్టి చూస్తే తప్ప నాకు నమ్మకం కుదరదు. ఇది చదువు వల్ల వచ్చిన అలవాటు కాదు. ఏడో తరగతితో బడి మానేశాను. చిలకలగూడలో ఒక కర్టెన్ల దుకాణంలో చాలా ఏళ్లు గుడ్డ కొలిచాను. గది చూడగానే ఎన్ని చదరపు అడుగులో నోటితో చెప్పడం అక్కడే వచ్చింది. ఇప్పటికీ నా నోటి లెక్కకూ టేపు లెక్కకూ పెద్ద తేడా ఉండదు.

ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాస్తున్నది ఎవరో చెబితే విన్నది కాదు. నా కళ్లతో చూసి, నా చేత్తో కొలిచినది.

నేనూ మా ఆయన యాదగిరీ కలిసి కార్పెట్లు, సోఫాలు శుభ్రం చేసే పని పెట్టుకున్నాం. నీళ్లు చిమ్మి, వాటిని మురికితో సహా వెనక్కి పీల్చుకునే మెషీన్ ఒకటి అప్పు చేసి కొన్నాం. మొదట్లో అన్నీ ఇళ్ల పనులే. పెళ్లికి ముందు, పండక్కి ముందు ఫోన్లు వచ్చేవి. మిగతా రోజుల్లో మెషీన్ మూలన పడి ఉండేది.

ఇళ్లలో ఇంకో ఇబ్బంది మెట్లు. పాత ఇళ్లకు లిఫ్టు ఉండదు. మెషీన్ పైకి మోసి, కిందికి దించి, ఆయన నడుము దెబ్బతిన్నది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇలాగే బరువులు మోస్తే కొన్నాళ్లకు మంచం దిగడం కూడా కష్టమవుతుందన్నారు. అంటే మాకు మిగిలినవి రెండే దారులు. లిఫ్టు ఉన్న ఆఫీసుల పని దొరకాలి, లేదా మెషీన్ అమ్మేసి, ఆయన ఆ నడుముతోనే ఇంకొకరి కింద పనికి కుదరాలి.

ఆఫీసుల పని కోసం నేను తిరగడం మొదలుపెట్టాను. ముందు కార్డులు పంచాను. రిసెప్షన్‌లో తీసుకునేవారు, పక్కన పెట్టేవారు, అంతే. తర్వాత పద్ధతి మార్చాను. సంచీలో ఒక స్ప్రే సీసా, తెల్ల గుడ్డ పెట్టుకుని వెళ్లేదాన్ని. అడిగి, రిసెప్షన్ ముందు కార్పెట్ మీద అరచేయంత చోటు రుద్ది శుభ్రం చేసేదాన్ని. నల్లబడిన గుడ్డ చూపించి వచ్చేసేదాన్ని. శుభ్రమైన ఆ ముక్క మాత్రం అక్కడే ఉండి, వచ్చేపోయే వాళ్లందరికీ కనిపించేది.

సైనిక్‌పురి వైపు ఒక ఆఫీసు నుంచి అలాగే ఫోన్ వచ్చింది. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థ అది. అక్కడి మేనేజరును ఇక్కడ సుష్మ మేడం అంటాను, అసలు పేరు వేరు. ఆవిడది కోస్తా వైపు ఊరు. నన్ను చూడగానే, "ఏమండీ భాగ్య గారూ, ఆ ముక్క మాత్రం తెల్లగా చేసి పోతే ఎలా? మిగతా ఆఫీసంతా ఇప్పుడు మాసిపోయినట్టు కనిపిస్తోంది" అన్నారు.

"గందుకే చేసిన మేడం" అన్నాను. ఆవిడ నవ్వారు.

ఆ భవనంలో మూడు అంతస్తులు వాళ్లవే. ముందు పై అంతస్తులోని పెద్ద హాలు చేసి చూపించమన్నారు. మూడు ఆదివారాలు చేస్తే, నచ్చితే ఏడాది పొడుగునా మూడు అంతస్తులూ మాకే ఇస్తామన్నారు. లిఫ్టు హాలు ముందే ఆగుతుంది. మా ఆయన ఆ లిఫ్టు తలుపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

హాలుకు ఒకటే అద్దాల తలుపు. కిటికీలు తెరిచేవి కావు, అద్దాలు బిగించేశారు. కార్పెట్ బూడిద రంగుది, నూగు, అంటే పైకి లేచి ఉండే పోగులు, ఎత్తుగా ఉంటుంది. ఆఫీసుల్లో అలాంటిది అరుదు. యజమాని ఇష్టపడి వేయించాడట. నూగు ఎత్తుగా ఉంటే ఒక చిక్కు ఉంది. మఖమల్ గుడ్డ మీద వేలితో గీస్తే గీత కనిపించినట్టు, దాని మీద ఏది తగిలినా ఆనవాలు ఉండిపోతుంది. అందుకే మురికి తీశాక, తడి మీదే బ్రష్‌తో నూగంతా ఒకే వైపు దువ్వుతాం. కిటికీల దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ తలుపు దాకా వచ్చి, బయటికి అడుగు పెట్టి తాళం వేస్తాం. ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు.

ఇంకొక మాట. మేం చెప్పులు బయట విడిచాకే పని చేస్తాం. ఎవరింట్లోనైనా చెప్పులతో తిరగడం మాకు చేతకాదు. ఆఫీసైనా అంతే. వాళ్లందరూ బూట్లతో నడిచే చోట మేం వట్టికాళ్లతో నడిచేవాళ్లం. అదో మర్యాద అనుకునేదాన్ని. అదే మా మెడకు చుట్టుకుంది.

మొదటి ఆదివారం పని బాగా జరిగింది. సోమవారం పొద్దున్నే మేడం ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, కానీ నవ్వు కూడా లేదు.

"మీరు వెళ్లేముందు ఎవరో మళ్లీ లోపలికి వెళ్లినట్టున్నారండీ. హాలు మధ్యలోంచి కాళ్ల గుర్తులు."

మా ఆయన్ని అడిగాను. ఏదైనా మరిచిపోయి మళ్లీ లోపలికి వెళ్లాడేమో అనుకున్నాను. "నేనెందుకు పోతనే? నువ్వే తాళమేసినవ్ గద, నీ ఎన్కనే ఉన్న గద" అన్నాడు. నిజమే. క్షమించమని చెప్పి, వెళ్లి దువ్వి వచ్చాం. మేం చేరేసరికి జనం తిరిగేసి గుర్తులు చెరిగిపోయాయి. నేను చూడలేదు.

రెండో ఆదివారం ఇద్దరం కాళ్లకు సాక్సులు తొడుక్కున్నాం. తడి ఆరడానికి పెట్టే ఫ్యాన్‌ను కూడా ఈసారి వేరే మూల పెట్టాను, గాలికి నూగు పక్కకు పడుతోందేమోనని. తాళం చెవి వాచ్‌మన్ ఖాజా భాయ్‌కి ఇచ్చాం.

సోమవారం మేడం ఫోటో పంపారు. అందులో వేళ్లతో సహా కనిపిస్తున్నాయి, వట్టికాళ్ల అడుగులు. తలుపు దగ్గర మొదలై, హాలు దాటి, చివరి కిటికీ దాకా.

మా ఆయన ఫోటోను చాలాసేపు చూసి, "లక్ష్మీదేవి పాదాలే భాగ్యా, లోపటికే పోయినయ్ జూడు" అన్నాడు.

"లక్ష్మి వస్తే మనింటికి రావాలె గానీ, ఆళ్ల ఆఫీసుల ఏం పని?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ హాలు పోతే మెషీన్ పోతుంది. అది ఇద్దరికీ తెలుసు.

మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ కుర్చీ చూపించి, తలుపు మూసి మాట్లాడారు. "మా ఆఫీసులో వట్టికాళ్లతో తిరిగేది మీరిద్దరేనండీ. నేను ఇంకెవరినని అనుకోవాలి?" అన్నారు. ఈసారి సాక్సులు వేసుకున్నామని చెప్పాను, కానీ అది ఆవిడ చూడలేదు కదా. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. ఖాజా భాయ్‌ని పిలిపిస్తే ఆయన నొచ్చుకున్నాడు. "చాబీ నా జేబుల్నే ఉండె మేడం. నేను సుత పైకి పోలే. ఉత్తగనే నా మీద పెట్టకుండ్రి" అన్నాడు.

అప్పుడు నేనొక మాట అడిగాను. మూడో ఆదివారం మేడం స్వయంగా వచ్చి కూర్చోవాలని. మొదటి నుంచి చివరిదాకా చూశాక పని మాకు ఇవ్వనంటే మారు మాట్లాడనని. ఆవిడ సరేనన్నారు.

ఆ ఆదివారం పొద్దున్నే ముగ్గురం హాలు ముందు కలిశాం. మేడం తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మేం కుర్చీలన్నీ బయట పెట్టి, హాలు మూలమూలా చూశాం. లోపల దాక్కునే చోటు లేదు. పైన సీలింగు బిగుతుగా ఉంది. పని అంతా అయ్యాక మా ఆయన మెషీన్ బయటికి తెచ్చాడు. చివరి దువ్వుడు నేనే, ఆవిడ చూస్తుండగా, వెనక్కి నడుస్తూ చేశాను. తలుపు దాటాక మేడమూ నేనూ మరోసారి చూశాం. కార్పెట్ అంతా అప్పుడే దువ్విన తలలా ఉంది, ఒక్క గీత లేదు. మేడం తాళం వేసి చెవి తన బ్యాగులో పెట్టుకున్నారు.

తలుపు ముందే కూర్చున్నాం. అద్దం మీద పాలరంగు కాగితం అంటించి ఉంటుంది, లోపల ఏమీ కనిపించదు. మా ఆయన నడుము ఆనించుకుని గోడ పక్కన చాప మీద పడుకున్నాడు. నేను తెచ్చిన పులిహోర ముగ్గురం తిన్నాం. మేడం తన ఊరి సంగతులు చెప్పారు, పని గురించి అడిగారు. చాయ్ మరకకూ నూనె మరకకూ తేడా ఎలా తెలుస్తుందని అడిగితే చెప్పాను. ఒక్కసారైనా ముగ్గురం కలిసి అక్కడి నుంచి లేవలేదు. తలుపు కదలలేదు. లోపల ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా మేడం లేచి తాళం తీశారు.

అడుగులు ఉన్నాయి.

మేడం చెయ్యి తలుపు పిడి మీదే ఉండిపోయింది. మా ఆయన లేచి వచ్చి, చూసి వెనక్కి జరిగాడు. నాకు భయం వేయలేదని అబద్ధం చెప్పను. కానీ భయం వేస్తే నాకు తెలిసింది కొలవడమే. సంచీలోంచి టేపు తీశాను. గోడ వెంబడి నడిచి, వంగి కొలిచాను.

చివరి రెండు అడుగులు నిండుగా పడ్డాయి. పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు. నాది తొమ్మిది పైన, మా ఆయనది పదిన్నర. మేడం తనంతట తానే చెప్పు విడిచి పక్కన పాదం పెట్టి చూపించారు. ఆవిడదీ పెద్దదే.

తలుపు నుంచి కిటికీ దాకా ఉన్న మిగతా అడుగుల్లో మడమ లేదు. ముందు పాదం, వేళ్లు, అంతే. మునివేళ్ల మీద నడిచినట్టు. నేను దానికి అర్థం వెతికాను. తడి నేల మీద, ఎవరో కష్టపడి శుభ్రం చేసిన చోట, పాడు చేయకూడదని మనం ఎలా నడుస్తామో అలా ఉన్నాయి. కిటికీ దగ్గరికి చేరాక రెండు పాదాలూ ఆనించి, పక్కపక్కన, అద్దం వైపు తిరిగి నిలబడినట్టు ఉంది. తిరిగి వచ్చిన అడుగులు లేవు.

కార్పెట్ ఆరిందో లేదో చూడటానికి మేం టిష్యూ కాగితం పరిచి అదుముతాం. అలవాటుగా అదే చేశాను. చుట్టూ ఎక్కడ అదిమినా కాగితం చెమ్మగిల్లింది. ఆ రెండు పాదాల కింద మాత్రం పొడిగా వచ్చింది. చేత్తో తాకితే వెచ్చగా ఉంది. మేడం కూడా వంగి తాకారు. చెయ్యి తీసేసుకుని చీర కొంగుకు తుడుచుకున్నారు, తడి లేకపోయినా.

ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో నేను చూశాను. కార్లు నిలిపే జాగా, ఒక సిమెంటు గోడ, అవతల ఇంకో భవనం వెనక భాగం. నిలబడి చూడటానికి అక్కడ ఏమీ లేదు.

మేడం నా వైపు తిరిగి అన్నారు, "మీ పని మొదటి నుంచీ చూశానండీ. వంక పెట్టడానికి లేదు. ఇది వేరే సంగతి. మూడు అంతస్తులూ మీరే చేయండి. ఇది మాత్రం ఆఫీసులో అనకండి, నన్ను పిచ్చిదాన్నంటారు."

నేను బ్రష్ తీసుకుని అడుగుల మీద దువ్వాను. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆ రెండింటి మీద కాలు పెట్టలేకపోయాను. పక్క నుంచి చెయ్యి చాచి దువ్వాను.

తర్వాత విచారించాను. ఆ భవనం కొత్తది. అంతకుముందు అక్కడ రాళ్ల నేల. ఆ భవనంలో ఎవరూ చనిపోలేదు, కట్టేటప్పుడూ ఏ ప్రమాదమూ జరగలేదని ఖాజా భాయ్ చెప్పాడు. పునాది నాటి నుంచి ఆయన అక్కడే ఉన్నాడు. నూగు తనంతట తానే పక్కకు పడిందా అని ఇంట్లో పాత కార్పెట్ ముక్క తడిపి, ఫ్యాన్ పెట్టి, రకరకాలుగా చూశాను. వేళ్ల గుర్తు కాదు కదా, గీత కూడా పడలేదు.

ఆ తర్వాత ఆ హాలు ఎన్నోసార్లు శుభ్రం చేశాం. అడుగులు మళ్లీ రాలేదు. తాళం తీసిన ప్రతిసారీ ముందు ఆ కిటికీ వైపే చూస్తాను. దువ్విన నూగు దువ్వినట్టే ఉంటుంది. ఎందుకు వచ్చాయో చెప్పలేనట్టే, ఎందుకు ఆగిపోయాయో కూడా చెప్పలేను.

మేడం ఆ ఉద్యోగం మానేసి తన ఊరికి వెళ్లిపోయారు. ఇది రాస్తానంటే, పేరు మార్చి రాయమన్నారు. వెళ్లేముందు తనకు తెలిసిన ఆఫీసులన్నిటికీ మా సంగతి చెప్పారు. ఒక పూటంతా పక్కన కూర్చుని పని చూసిన మనిషి చెప్పిన మాట కదా, అందరూ పిలిచారు. ఆ అడుగులే పడకపోతే ఆవిడ మా పక్కన కూర్చునేవారే కాదు. ఇప్పుడు మా దగ్గర ఇంకో ఇద్దరు పనిచేస్తున్నారు. మా ఆయన బరువులు మోయడం మానేశాడు. నడుము కుదుటపడింది.

కొత్త ఆఫీసుకు వెళ్లినప్పుడు, మీకు మొదటి పెద్ద పని ఎలా దొరికిందని అడుగుతుంటారు. పని నచ్చి ఇచ్చారని చెప్తాను. అబద్ధమేమీ కాదు. అయినా అలా చెప్పిన ప్రతిసారీ ఎవరి పేరో చెప్పకుండా వదిలేసినట్టు అనిపిస్తుంది. ఆ పేరేమిటో నాకు తెలియదు.