బొగ్గుల గదిలో ముత్తాత

మొన్న ఆదివారం అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి భోజనాలకు వచ్చినవాళ్ళ చెప్పులూ బూట్లూ గుమ్మం దగ్గర గుట్టపడ్డాయి. "అమ్మా, టూ మెస్సీ! క్లాజెట్‌లో హైడ్ చేసేయనా?" అంది మా అమ్మాయి. వద్దని గట్టిగానే అరిచాను. పిల్ల బిత్తరపోయింది. నాకసలే కోపం ఎక్కువని దానికి తెలుసు గానీ, ఆ గుట్టను దాచేయడమంటే నాకెందుకు పడదో తెలియదు.

ఎమ్మెస్ చదివే రోజుల్లో డెట్రాయిట్ వైపు ఒక పాత ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాం. లీజ్‌లో ఇద్దరం, ఇంట్లో ఐదుగురం. కింద ఉండే ముసలి ఇంటావిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కదు. అదే మా ధైర్యం. ఐదోది అప్పుడే దిగిన గుంటూరు పిల్ల. ఈ దేశంలో దానికి మేం తప్ప ఎవరూ లేరు. ఒక జనవరి ఉదయం ఇంటావిడ ఫోన్ చేసి, హీటర్ బాగుచేసే మనిషితో పైకి వస్తున్నానంది. బయట మోకాలెత్తు మంచు. "నా మూలంగా మీకెందుకక్కా, నేనెళ్ళిపోతాను," అంది గుంటూరు పిల్ల ఏడుపుగొంతుతో. "నోర్మూస్కో! గీ చలిల ఏడికి పోతవ్?" అని కసిరింది, మాలో పెద్దదైన వరంగల్ అక్క. పరుపులు మంచం కిందికి తోశాం, టూత్‌బ్రష్‌లు సైతం దాచాం. ఆ పిల్లతో పాటు మరో ఇద్దరిని బాత్రూంలోకి నెట్టి తలుపేశాం.

నేను మా వాటా తలుపు తీసేసరికి, ఒక్కో మెట్టే ఎక్కి వచ్చిన ఆవిడ నేలవైపు చూస్తోంది. గుమ్మం పక్కన ఐదుగురి బూట్లు, వాటిమీద చెప్పులు. అవి లోపలికి తేకూడనివి కదా, ఇంటి సామాను కింద ఎవరమూ జమకట్టలేదు! "ఎంతమంది ఉంటున్నారు?" అంది. "ఇద్దరమే," అన్నాను. ఆవిడ ఆ మనిషిని హీటర్ దగ్గరికి పంపి, కుర్చీలో కూలబడి మోకాళ్ళు రుద్దుకుంది.

"మావాళ్ళు ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు," అంది. "ఒకే గదిలో మొగుడూ పెళ్ళాం, నలుగురు పిల్లలు, వాళ్ళ ఊరి కుర్రాడు. జనాభా లెక్కలాయన వస్తే, ఇంటి యజమానికి తెలిసిపోతుందని ఆ కుర్రాణ్ణి బొగ్గుల గదిలో దాచారట. ఆ లెక్కల నకలు నా దగ్గరుంది. ఆ పిల్లల తండ్రి పేరు పక్కన కూలీ అని ఉంది. చంటిపిల్ల పేరూ ఉంది. కుర్రాడి పేరు మాత్రం లేదు. తర్వాత ఆ ఇంటి పెద్దపిల్లను చేసుకున్నాడు. ఆయనే మా ముత్తాత. ఎంత వెతికినా ఆ ఏడాది ఆయన భూమ్మీద లేనట్టే."

తర్వాత మూసి ఉన్న బాత్రూం తలుపు వైపు తిరిగి, "బయటికి రండి," అని గొంతు పెంచింది. ఎవరూ కదల్లేదు. లీజ్ పోయిందనే అనుకున్నాను. గుంటూరు పిల్లే ముందుగా వచ్చి, కళ్ళనీళ్ళతో ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పింది. ఇంటావిడ దాన్ని ఎగాదిగా చూసింది. "పైన ఇంతమంది కుదరదు. నువ్వు కింద నా పక్కగదిలో ఉండు. లీజ్‌లో అందరి పేర్లూ రాస్తాను. ఈ ఇంట్లో బొగ్గుల గది లేదు."

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మొన్నటి గుట్టలో గుంటూరు పిల్ల చెప్పులూ ఉన్నాయి, దాని ఇద్దరు పిల్లలవీ ఉన్నాయి. కాలం ఎలాగూ అందరినీ చెరిపేస్తుంది, దానికి మనమెందుకు ముందే సాయం చేయడం?