రమక్క కడియం

నిన్న పొద్దున తెనాలి స్టేషన్‌లో ట్రైన్ దిగుతుంటే ఫోన్. "రమ మేడం పోయారండి" అంది మా ఆయమ్మ.

ఏ రమ మేడం అని అడిగాను.

నిజంగా అడిగాను. మొన్న సాయంత్రం నాతో టీ తాగి, పంచదార ఎక్కువైందని తిట్టిన మనిషి! హార్ట్ ఎటాక్ అట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. రమక్క ఫిజియోథెరపిస్ట్. అమ్మానాన్నల్లేని, వైకల్యం ఉన్న పిల్లల కోసం తెనాలిలో ఉన్న మా హోమ్‌కి ప్రాణం ఆవిడే. నేను అక్కడ టీచర్ని.

మా మల్లికి పదకొండేళ్ళు. కళ్ళు కనపడవు, చెవులు వినపడవు, మాట లేదు. తన దగ్గరికి ఎవరు వెళ్ళినా ముందు తమ గుర్తు ముట్టుకోనివ్వాలి. రమక్క పెట్టిన రూల్ అది. నా గుర్తు వాచీ. ఆయమ్మది జడ. రమక్కది ఎడమచేతి స్టీలు కడియం. అది తగిలితేనే మల్లి ఎక్సర్‌సైజ్‌కి కాలు చాపుతుంది, అన్నానికి నోరు తెరుస్తుంది.

ఒకసారి నందివెలుగు నుంచి ఒకాయన కొడుకు పుట్టినరోజని లడ్డూలు తెచ్చారు. ముద్దొచ్చి మల్లి నోట్లో ఒకటి కుక్కారు. మల్లి వేలు కొరికేసింది.

ఒకటే కేకలు ఆయన!

రమక్క చాలా మర్యాదగా "సార్, కళ్ళు మూసుకుని చెవుల్లో వేళ్ళు పెట్టుకోండి" అంది. పాపం పెట్టుకున్నారు. ఆయన నోట్లో ఇంత లడ్డూ కుక్కేసింది. ఉలిక్కిపడ్డారు, మీసాల నిండా లడ్డూ పొడి. "చూశారా, మీకే గుండె ఝల్లుమంది కదండీ" అంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆయన ముందు ఉంగరం ముట్టించేవారు.

నిన్న రమక్కని హాస్పిటల్ నుంచి తిన్నగా రేపల్లె, వాళ్ళ అన్నయ్యగారింటికి తీసుకెళ్ళిపోయారు.

మల్లికి ఎలా చెప్పాలి? మాట వినపడదు, ఫోటో కనపడదు. చేత్తో తెలుసుకోవడం ఒక్కటే దారి. చెప్పకపోతే రోజూ ఎదురుచూస్తూనే ఉంటుంది. కారు మాట్లాడి, ఆయమ్మని కూడా తోడు పెట్టుకుని తీసుకెళ్ళాను.

గుమ్మంలోనే చుట్టాలు ఆపేశారు. "ఇలాంటి చోటికి ఈ పిల్ల దేనికమ్మా?" అన్నారు. గట్టిగా అరిచాను. చివరికి అన్నయ్యగారే "రానివ్వండి" అన్నారు.

మల్లి చెయ్యి తీసి రమక్క చేతి మీద పెట్టాను.

మణికట్టు తడిమింది. మోచేతి దాకా వెళ్ళింది. మళ్ళీ కిందికి వచ్చింది.

కడియం లేదు. హాస్పిటల్లో అన్నీ తీసేశారట. దారంతా ఏడుస్తూ వచ్చిన మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

మల్లి ఆ చల్లటి చెయ్యి వదిలేసింది. ఎవరో పరాయి మనిషి అనుకుని, నా వాచీ వెతుక్కుంది.

కడియం ఎక్కడుందో కనుక్కునేలోపు పాడె లేపేశారు.

శ్మశానం నుంచి వచ్చాక అన్నయ్యగారు దాన్ని నాకిచ్చారు. "నువ్వేసుకోమ్మా. ఆ పిల్ల అన్నం తింటుంది కదా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను మాత్రం వేసుకోకుండా బ్యాగులో పెట్టుకున్నాను.

సోమవారం నేను బాపట్లలో స్కూల్లో చేరాలి. మా ఆయన, పాప అక్కడే ఉంటారు. ఈ ట్రైన్ ప్రయాణాలు ఇక నా వల్ల కావట్లేదు. రమక్కే పట్టుబట్టి అప్లై చేయించింది. "మల్లికి నేనున్నాగా. నువ్విక్కడ ఇరుక్కుపోకు" అంది.

ఏదక్కా, ఎక్కడున్నావు? పోయినవాళ్ళ మీద కోపమేంటి అంటారు. ఉంది. చాలా ఉంది.

కడియం వేసుకుంటే మల్లి తింటుంది. కానీ రోజూ నేను రమక్కననుకుని తింటుంది. వేసుకోకపోతే పస్తు. రాత్రి తినలేదు. ఇవాళ పొద్దున కూడా మూతి తిప్పేసింది.

మధ్యాహ్నం ఇక ఆగలేక, నేను వేసుకోకుండా, ఆ కడియం మల్లి చేతికే ఇచ్చాను.

గబుక్కున పట్టుకుంది. మొహం వెలిగిపోయింది. లోపలికి వేళ్ళు పెట్టి చెయ్యి కోసం వెతికింది. తిప్పి మళ్ళీ వెతికింది. చుట్టూ గాల్లో వెతికింది.

తర్వాత దాన్ని పొట్టకి అదుముకుని ఏడ్చింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

సాయంత్రం బాపట్లకి ఫోన్ చేశాను, సోమవారం రాలేనని. మరి ఎప్పుడొస్తారండీ అని అడిగారు. ఫోన్ పెట్టేశాను.

రమక్కా, నువ్వైనా హాయిగా పడుకో. నీ ఆత్మకి శాంతి దొరకాలి.