గ్రానైట్ పలక మీద నా పేరు

టీబీ పరిశోధనలో చేరమని ఒడిశా కూలీలను అడగడానికి ఇవాళ చీమకుర్తి గ్రానైట్ క్వారీకి వెళ్ళాను. వీళ్ళు క్వారీలు మారుతూనే ఉంటారు, కఫం పరీక్ష రిపోర్టు వచ్చేసరికి మనిషి దొరకడు. ఆ గోడు చెప్పుకుంటే వాళ్ళ మేస్త్రీ బలరాం నవ్వి, షెడ్డు గోడకి ఆనించిన గ్రానైట్ పలక చూపించాడు. వెళ్ళిపోయిన ప్రతి మనిషి పేరూ, ఇప్పుడున్న ఊరూ సుద్దముక్కతో రాసి ఉన్నాయి. ఇంటి నుంచి కబురొస్తే చేరవెయ్యడానికట! నా ట్యాబ్‌లో లేని అడ్రసులన్నీ అక్కడున్నాయి.

"మేం ఎక్కడున్నా ఇందులో దొరుకుతాం మేడమ్. రిపోర్టు రాకపోతే మిమ్మల్నెక్కడ వెతకాలండి?" అన్నాడు.

సుద్దముక్క తీసుకుని పలక చివర నా పేరూ, ఫోన్ నంబరూ రాశాను. అప్పుడు పెట్టాడు పరిశోధనలో చేరే అంగీకార పత్రం మీద సంతకం.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా అడ్రసు అడిగిన మొదటి మనిషి ఆయనే. మిమ్మల్నెవరైనా అడిగారా?