నర్సమ్మ వేపరసం సీసా

"వచ్చే ఆదివారం మదనపల్లికి వచ్చి, మీ వీధిలో నిజం నేనే చెప్తానమ్మా" అని మా అన్న మా ఎదురింటి నర్సమ్మకు మాట ఇచ్చి పన్నెండేళ్లయింది. ఆ ఆదివారం అతను రాలేదు. పోయిన వారం కుప్పం నుంచి ఆమె మేనకోడలు ఫోను చేసి, నర్సమ్మ పోయిందని చెప్పింది. ఇక అతను వచ్చి చెప్పినా వినడానికి ఆమె లేదు.

ఆస్పత్రిలో నర్సు పని నుంచి రిటైరయ్యాక ఆమె పెట్టుకున్న పని ఒకటే. కుక్కపిల్లలు చెప్పులు, చీపుర్లు, కుర్చీ కాళ్లు కొరికే ఇళ్లకు, వాటి మీద పూయడానికి చేదు రసం కాచి ఇవ్వడం. వేపాకు, కాకరకాయ, నిమ్మతొక్క ఉడికించి వడగట్టేది. పిల్ల నమలడానికి పాత తువాలు తడిపి ముడేసి ఇమ్మనేది. సీసా చేతికిచ్చే ముందు ప్రతిసారీ ఒక చుక్క తన నాలుక మీద వేసుకుని, మొహం ముడుచుకుని, ఆపైన నవ్వేది.

"నేను ఓర్సుకోలేంది దాని నోటికి యాల పెట్టల్లప్పా? పండ్లు దురద పెడతాండాయి, కొరుకుతాంది. మన మీద పగేం లేదు."

లావుపాటి పుస్తకాలు చాలానే చదివాను. వైద్యం గురించి ఇంత శుభ్రమైన మాట వాటిలో కనబడలేదు.

పుంగనూరులో మా అన్న కొత్త సోఫా కొన్నాడు, ఆ నెలలోనే కుక్కపిల్లనూ తెచ్చాడు. నర్సమ్మ దగ్గర సీసా ఇప్పించింది నేనే. రోజూ పూస్తూ పది రోజులు ఓపిక పట్టమంది. నాలుగో రోజుకే పిల్ల చచ్చిపోయింది. నర్సమ్మ మందు నాకి చచ్చిందని అతను అందరికీ ఫోన్లు చేశాడు. సాయంత్రానికి మా వీధంతా ఆమెను విషం పెట్టినదానిలా చూసింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆమె పుంగనూరు బస్సెక్కింది. అన్నను మిగిలిన సీసా తెమ్మని, ఒక చుక్క వేలి మీద వేసుకుని నోటి దగ్గరకు తీసుకెళ్లింది. అన్న గబాలున లేచి చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మా. దాంట్లో ఫినాయిలు కలిపుండాను."

"కలిపింది నువ్వు, సంపింది నేనా అప్పా?"

అప్పుడే అతను ఆదివారం మాట ఇచ్చాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె అరుగు మీద కూర్చుని చూసింది. నేను ఇంటింటికీ వెళ్లి జరిగింది చెప్పాను. "అన్నంటే నీకు మొదట్నించీ కుళ్లే కదప్పా" అని నవ్వారు. ఆమె గుమ్మం తొక్కినవాళ్లు మళ్లీ లేరు. ఏడాది తిరక్కుండా ఆమె కుప్పం వెళ్లిపోయింది. ఆ వీధివాళ్లే ఇప్పుడు వాట్సాప్‌లో "మహాతల్లి" అని పువ్వుల బొమ్మలు పెడుతున్నారు.

జ్ఞాపకార్థ ప్రార్థనకు కుప్పం వెళ్లాను. ఆమె గదిలో ఒక కుక్కపిల్ల ఉంది. కుర్చీ కాళ్లు నాలుగూ కొరికి కొరికి సన్నబడి ఉన్నాయి.

"వీటికేమీ పూసేది కాదా?" అని అడిగాను.

"సీసా ముట్టనని ఒట్టేసుకునింది మామా" అంది మేనకోడలు. "కొరకనీలే అనేది."

నేను ఇప్పటికీ నిందించేది ఒక్క మనిషినే. ఒకవైపుకు ఒరిగిపోతున్న ఆ కుర్చీలోనే కూర్చుని, టీ తాగుతూ, వచ్చినవాళ్లందరికీ "చానా మంచి మనిషి" అని చెబుతున్న మా అన్నను.