తల్లి పేరుకు జాగ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు కామారెడ్డిలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో నిలబడి రావడంతో ఆ కోపం ఇంకాస్త ముదిరింది.

ఆ ఏడు కాలేజీ వెబ్‌సైటు పని నా నెత్తిన పడింది. ప్రతి విద్యార్థికీ ఫొటోతో ఒక పేజీ ఉండాలి, తల్లిదండ్రులను పిలిచే రోజుకు అన్నీ సిద్ధం కావాలి. మొదట్లో పేజీ రూపం చెప్పే హెచ్‌టీఎంఎల్ అంతా ప్రోగ్రాం రాసే జావా కోడ్ మధ్యలోనే కుక్కి రాసేవాణ్ణి. ఒక్క కొటేషన్ గుర్తు మరిచినా ప్రోగ్రాం నడిచేది కాదు. నా అవస్థ చూసి మా సీనియర్ సారు నవ్వారు.

"పేజీ వేరే ఫైల్ల పెట్టు. పేర్ల కాడ ఖాళీలు ఇడువు. జావా నింపుకుంట పోతది."

శుభలేఖల దుకాణంలో అంతా ముందే అచ్చేసి పేర్లకు చోటు వదిలినట్టు. ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

పేజీలన్నీ నిమిషంలో తయారయ్యాయి. కాలర్ ఎగరేసి పిల్లలకు చూపించాను. గాంధారి వైపు పల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం తన పేజీ ముందు నుంచి కదల్లేదు.

"సార్, బాపు పేరు కాడ ఇదేంది?"

తండ్రి పేరు రావాల్సిన చోట ఇంగ్లిషులో 'నల్' అని పడి ఉంది. వివరం లేని చోట జావా వేసే మాట అది, ఏమీ లేదని అర్థం.

"ఫారం సక్కగ నింపితే గద" అని కసిరాను.

"రాయబుద్ధి కాలే సార్. నేను కడుపుల ఉన్నప్పుడే ఇడిసి పోయిండు. అవ్వనే బీడీలు చేసి సాదింది."

నాకు సిగ్గేసింది. అక్కడ గీత పెడతానన్నాను.

"గీత ఎందుకు సార్? అవ్వ పేరు పెట్టుండ్రి."

ఖాళీలు వదిలిన ఆ టెంప్లేట్‌లో తల్లికి నేను చోటే వదల్లేదు. కాలేజీ ఫారంలోనూ లేదు. కొత్త వరుస చేర్చాను, తండ్రి పేరు లేకపోతే ఆ వరుసే కనబడకుండా చేశాను. రెండు రోజులు క్లాసు క్లాసుకూ తిరిగి అందరి తల్లుల పేర్లూ రాసుకున్నాను.

తల్లిదండ్రులను పిలిచిన రోజు ఆ అమ్మాయి తల్లి పని మానుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. కూతురు ఆమె వేలు పట్టుకుని తెర మీద పేరు చూపించింది.

"నా పేరు గీడ ఎందుకే బిడ్డా?"

"ఇంకెవ్వరి పేరుంటదవ్వా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, నావైపు తిరిగి చేతులు జోడించబోయింది.

"నాకెందుకమ్మా" అన్నాను. "జాగ ఇడువుడు నేను మర్చిపోతే, అడిగి పెట్టించింది నీ బిడ్డ."