ఎవరూ అరగదీయని పాచిక

2023 మే 14, ఆదివారం, మధ్యాహ్నం ఒంటి గంట. చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, డోన్ దగ్గరి మా ఊరిలో, మా ఇంటి అరుగు మీద, మా చిన్నాయన తన సెల్‌ఫోనులో లూడో తెరిచి మా నాయన ముందు పెట్టాడు. ఆ ఆటను నేను ఆనాటి నుంచి ద్వేషిస్తున్నాను. ఎందుకో చెప్పవలసిన బాధ్యత నాకు ఉంది.

పొలం గట్టు తగాదా వల్ల ఆ అన్నదమ్ములకు మాటలు లేవు. చర్చిలో ఒకరు ఈ గోడకు, మరొకరు ఆ గోడకు కూర్చునేవారు. క్షమాపణ గురించి పాస్టరు గారు ప్రసంగిస్తే, ఎవరి గోడ దగ్గర నుంచి వారు గట్టిగా ఆమెన్ అనేవారు. అంతటితో సరి.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం చిన్నాయన మా అరుగెక్కేవాడు. అక్కడి నాపరాయి బండలో మా తాత ఉలితో చెక్కిన బారాకట్ట గళ్లు ఉన్నాయి. ఒక్కొక్కరికి నాలుగేసి చింతగింజలను ఒకవైపు తెల్లబడేదాకా రాతి మీద అరగదీసి, వాటినే పాచికలుగా వేసేవారు. మా ఇంట్లో దానికొక కట్టుబాటు ఉంది. ఎవరి గింజలను వారు అరగదీసుకోకూడదు. నాయన గింజలను చిన్నాయన, చిన్నాయన గింజలను నాయన తయారు చేయాలి. ఎదుటివాడు అరగదీసిన గింజలతో గెలిచినవాణ్ణి ఎవరూ దొంగ అనలేరు.

"ఏంరా, గింజలు అరగదీసినావా, పండ్లతో కొరికినావా?" అని నాయన మొదలుపెట్టేవాడు.

"నీకు ఇవే శానా ఎక్కువన్నా. వెయ్యి, వెయ్యి. ఈ పొద్దు నీ కాయ చచ్చేదే."

"నా కాయ సంగతి దేవుడెరుగు. నీ కాయ యాడుండాదో చూసుకో ముందు."

వారమంతటికీ వాళ్ల మధ్య మాటలు ఇవే. అమ్మ వంటింట్లో చేతిలో పని ఆపి మరీ వినేది. ఈ తిట్లు సాగినంతకాలం, ఏదో ఒకనాడు గట్టు మాట కూడా ఆ బండ మీదికి వచ్చి తెగిపోతుందని ఆమె ఆశ. నా ఆశా అదే.

ఆ రోజు చిన్నాయనకు ఫోను కొత్త. "ఇంగ గింజలెందుకన్నా? పాచిక ఇదే వేస్తాది, కాయలు ఇదే జరుపుతాది. తొండాటే ఉండదు."

ఫోనును బండ మధ్యలో పెట్టి ఆడారు. వేలితో తాకితే పాచిక దొర్లింది. కాయ చచ్చినప్పుడు ఎవరూ తిట్టలేదు, ఫోనులో ఒక గంట మోగి ఊరుకుంది. నడుమ ఏదో ప్రకటన వచ్చినప్పుడల్లా ఇద్దరూ చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు. చిన్నాయనకు మాటిమాటికీ ఆరు పడుతోంది. నాయన కాయలు చచ్చి మళ్లీ ఇంటికే చేరుతున్నాయి.

నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఈ పాచికను ఎవురు అరగదీసినారు?"

చిన్నాయన నవ్వాడు. "ఎవురూ తీయరన్నా. ఫోనులోదే."

"ఫోను ఎవురిది?"

"నాదే."

"అంటే నీ గింజలు నువ్వే అరగదీసుకోని వచ్చినావు."

"నేను దొంగనంటాండావా?"

"నేను యాడంటి? నీ ఫోనే అంటాండాది."

నాయన నా వైపు తిరిగాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కతినే. "చదువుకున్నావు గదమ్మా, నువ్వు చెప్పు. దీన్ని చేసినోడు ఎవుడు? వాని చెయ్యి ఎవురు చూసినారు?"

ఆ పాచిక ఎవరి పక్షమూ వహించదని చెప్పాను. నాకు తెలిసినంతలో అది నిజం. కానీ గెలుపు ఎదుటివాడి చేతి మీదుగానే రావాలని నమ్మిన ఇంట్లో, ఎవరి చెయ్యీ పడని పాచికకు విలువ లేదు. నా మాట నాయన వినలేదు.

"గట్టు కాడ కూడా ఇట్లనే దొంగ అంటివి," అన్నాడు చిన్నాయన.

"అంటి. ఇప్పుడూ అంటా."

అమ్మ ఇన్నేళ్లు ఎదురుచూసిన గట్టు మాట ఆ బండ మీదికి అలా వచ్చింది. చిన్నాయన ఫోను జేబులో వేసుకుని మెట్లు దిగాడు. జేబులో ప్రకటన పాట ఇంకా మోగుతూనే ఉంది.

తాతలనాటి ఆటను అరచేతిలోకి తెచ్చామని ఈ ఫోను ఆటలను తయారుచేసేవారు గొప్పగా చెప్పుకుంటారు. వారు తెచ్చింది గళ్లనూ కాయలనూ మాత్రమే. ఒకరి గింజలను ఒకరు అరగదీసే ఆ కాసేపటిని అనవసరమైన శ్రమగా లెక్కగట్టి తీసిపారేశారు. మా ఇంట్లో ఆటంటే అదే.

ఆ తర్వాత చిన్నాయన మా అరుగెక్కలేదు. ఆదివారాలు తన ఇంట్లో, ముఖం తెలియనివారితో లూడో ఆడుతున్నాడు. గట్టు తగాదా కోర్టుకు వెళ్లింది. బారాకట్ట బండ మీద అమ్మ మిరపకాయలు ఆరబోస్తోంది.